ఇరవై నిమిషాల భంగిమ

బట్టలు విప్పి బల్లెక్కి నిలబడితే
గంటకింతని ఇస్తారు.
వల్పరాయిసో రేవులో ముప్పయ్యేళ్ళు బస్తాలు మోసినవాణ్ణి,
ఊరికే నిలబడ్డానికి డబ్బులంటే
మొదట్లో నవ్వొచ్చింది.
మూడోరోజు మోకాళ్ళు చెప్పాయి
ఊరికే అనేది ఎంత బరువో.

చుట్టూ పద్దెనిమిది మంది పిల్లలు.
కుర్చీని చూసినట్టు చూస్తారు నన్ను,
అందులో అమర్యాదేం లేదు.
నేనూ చూస్తాను వాళ్ళని.
కళ్ళు కదపొచ్చు, ఆ ఒక్కటీ నా ఇష్టం.

కిటికీ పక్కన యాస్నా.
తెల్లారకముందే చేపల బజార్లో పొట్టలు కోసి
అటునుంచటే వస్తుంది.
నిమ్మచెక్క ఎంత రుద్దినా
వాసన ముందొచ్చి కూర్చుంటుంది,
వెనకాల ఆమె.
పక్కనున్న కాన్‌స్టాంసా ప్రతి సోమవారం
తన స్టాండుని బెత్తెడు అవతలికి జరుపుకునేది.
జూన్ నాటికి ఇద్దరి మధ్య
ఇంకో మనిషి పట్టేంత జాగా.

"ఇది ఒళ్ళు కాదు, బంగాళాదుంపల బస్తా"
అన్నాడు ఉర్రుతియా మాస్టారు ఆమె బొమ్మని.
నాకేం కోపం రాలేదు.
నిజానికి నేనలాగే ఉంటాను.
ఆమె మాత్రం రబ్బరు పట్టుకుని
కాగితం చిరిగేదాకా నా భుజాన్ని చెరిపింది.
నా భుజం మండింది, ఒట్టు.

విరామంలో దుప్పటి కప్పుకుని టీ తాగుతూ
"ఇంకో కాగితం తీసుకోరాదా" అన్నాను.
"ఒక కాగితం మా ఇంట్లో
రెండు పూటల రొట్టె, దోన్ ఫెర్మిన్."
టీ చల్లారిపోయింది.

ఫిబ్రవరిలో కొండ తగలబడింది.
గాలి సముద్రం వైపు తిరిగిన ఆ రాత్రి
మా వీధిదాకా బూడిద పడింది,
ఆరేసిన చొక్కాల మీద.

మార్చిలో క్లాసులు మొదలయ్యాయి.
కిటికీ పక్క స్టాండు ఖాళీ.
కాన్‌స్టాంసా దాన్ని ముట్టుకోలేదు,
తనదాన్ని వెనక్కి జరపనూ లేదు.
ఒక వారం. రెండు. మూడు.
నోటీసు బోర్డులో ఫీజు బాకీల పట్టీ,
ఆమె పేరు మీద ఎవరిదో కాఫీ మరక.

నాలుగో సోమవారం వచ్చింది,
చంకలో చేపలు చుట్టే కాగితం చుట్ట,
చేతిలో పాలపొడి డబ్బా నిండా నల్లటి ముక్కలు.
"ఏ కొట్లో కొన్నావు?" మాస్టారడిగాడు.
"మా ఇంటి దూలం."
ఏడుస్తూ కాదు, ఎదురు తిరిగీ కాదు,
చేప ధర చెప్పినట్టు చెప్పింది.

ఆ బొగ్గు మొండిది. గీస్తే కీచుమనేది.
లోపల ఎక్కడో మేకు తగిలి
కాగితం సర్రున చీలేది.
చీలింది చీలినట్టే ఉంచి
పక్కనుంచి గీసుకుపోయేది.
రబ్బరు తేలేదు.

నా ఎడమచేతికి నాలుగే వేళ్ళు.
ఒకటి క్రేను గొలుసులో పోయింది,
పెద్దాడు పుట్టిన ఏడు.
ఆరేళ్ళుగా నన్ను గీసిన పిల్లలంతా
ఐదు వేళ్ళే వేశారు.
జాలిపడి కాదు,
చెయ్యంటే ఐదని వాళ్ళ చేతికి అలవాటు.
నేనూ నోరెత్తలేదు.
అబద్ధమెందుకు,
ఆ కాగితాల్లో నా వేలు నాకు కనపడితే
కొంచెం బాగానే ఉండేది.

యాస్నా నాలుగే వేసింది.
లేనిచోట బొగ్గుని అదిమి, అదిమి
బొమ్మ మొత్తంలో అంత నలుపు ఇంకెక్కడా లేకుండా దిద్దింది.

గంట మోగింది.
ఎడమకాలు తిమ్మిరెక్కి ఎవరిదో అయిపోయింది.
ఆమె తలెత్తలేదు.
కాన్‌స్టాంసా లేచొచ్చి వెనక నిలబడింది,
నేలమీద దొర్లిన బొగ్గుముక్కొకటి తీసి
డబ్బాలో వేసి
వేళ్ళు తుడుచుకోవడం మర్చిపోయింది.
మాస్టారు గడియారం చూసుకున్నాడు,
నా వంక చూశాడు, ఊరుకున్నాడు.

ఆమెకి ఎన్ని మార్కులొచ్చాయో నాకెవరు చెబుతారు?
పదకొండు నిమిషాలు ఎక్కువ నిలబడ్డాను, అంతే తెలుసు.
ఆఫీసులో అడిగితే వాటికి కూలి లేదన్నారు.
రేవులోనూ ఇచ్చేవాళ్ళు కాదు లెండి.